మైల పడని గుండిగలు

పోయిన ఆదివారం పెద్దక్క ఇంటికి వెళ్ళి వచ్చినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. పెద్దక్క పోయింది. ఎనభై దాటిన మనిషి, ముందురోజు దాకా తన పని తను చేసుకుని, మర్నాడు పొద్దున టీ పెట్టుకోవడానికి లేవలేదట. అంత సుళువైన చావు ఎంతమందికి దొరుకుతుందని వచ్చినవాళ్ళందరూ అనుకుంటూంటే నేనూ తలూపాను. మధ్యాహ్నం అయ్యేసరికి గేటు ముందు ఒక వ్యాను ఆగింది. అందులోంచి ఇద్దరు దిగి, ప్లాస్టిక్ డబ్బాలు వరండాలో వరసగా పేర్చి, అందినట్టు ఎవరిచేతో సెల్‌ఫోన్ మీద వేలితో సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయారు. పెద్దక్క మనవరాలు మర్యాద తెలిసిన పిల్ల, పెద్దదాన్నని ముందు నా చేతిలోనే ఒక డబ్బా పెట్టింది. మూత తీస్తే అన్నం, పక్కన పప్పు, ఆ పప్పు మీద తేలుతూ ఆవాలూ ఎండుమిరపకాయా కరివేపాకూ కనిపించాయి.

నా ఈడువాళ్ళకి వేరే చెప్పనక్కరలేదు, చావింట తాలింపు వేయరు. వేడి నూనెలో ఆవాలు చిటపటలాడిన చప్పుడు ఆ ఇంట్లో వినపడకూడదు, ఆ ఘుమఘుమ వీధిలోకి రాకూడదు, పప్పులో పసుపు కూడా పడకూడదు. నూటయాభై ఏళ్ళ కిందట చెరుకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చినవాళ్ళ మనవలూ మునిమనవలూ భాష మరిచిపోయారు గాని ఈ ఒక్కటి మరిచిపోలేదని, దక్షిణాఫ్రికాలోని ఈ డర్బన్‌కి వచ్చిన కొత్తలో నేను తెగ ఆశ్చర్యపోయాను. ఇప్పుడు సాక్షాత్తూ పెద్దక్క శవం లేచిన ఇంట్లోనే తాలింపు పప్పు పంచిపెడుతున్నారు. నేను డబ్బా చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోతే ఆ పిల్ల కంగారుపడి దగ్గరికొచ్చి, “నాట్ నైస్, ఆంటీ? యు వాంట్ ద పన్నీర్ వన్?” అని అడిగింది. బాగుందమ్మా అన్నాను. ఆ పిల్లని ఏమని తప్పు పట్టను? దానికి చెప్పేవాళ్ళు లేకుండా చేసినవాళ్ళలో నేనే మొదటిదాన్ని.

ఆ సంగతే రాద్దామని కూర్చున్నాను. గొప్పలు చెప్పుకోవడానికి ఇందులో నా పాత్ర ఏమంత బాగా లేదు.

నల్లవాళ్ళూ మనవాళ్ళూ అందరూ కలిసి వేసిన మొదటి ఓట్లు అయిన మరుసటి ఏడు మేము ఇక్కడికి వచ్చాం. మావారు ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరు, నేను హైస్కూల్లో లెక్కల టీచరు. కొత్త రాజ్యంలో అన్ని రకాల పిల్లలూ ఒకే బడిలో కూర్చోబోతున్నారని, లెక్కలూ సైన్సూ చెప్పేవాళ్ళు చాలరని అప్పట్లో మాలాంటివాళ్ళకి పిలిచి ఉద్యోగాలిచ్చేవారు. రెడ్‌హిల్‌లో ఒక మెట్టమీద ఇల్లు అద్దెకు తీసుకున్నాం. వంటింటి కిటికీలోంచి చూస్తే ఎదురుగా మా ఇంటిలాంటి ఇళ్ళే, పెరట్లో మునగచెట్లూ మామిడిచెట్లూ, గుమ్మం పక్కన జండాలు కట్టిన వెదురు గడలూ కనిపించేవి. ఇదేదో మన విశాఖపట్నం పక్క ఊరిలా ఉందే అనుకుని ఒక పొరుగావిడని తెలుగులో పలకరించాను. ఆవిడ నవ్వి, ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పి, నాలుగింటి మధ్యనా ఒక ‘అవ్వ’నీ ఒక ‘కూడు’నీ ఇరికించి వెళ్ళిపోయింది. వాళ్ళకి మిగిలిన తెలుగు అంతే. చుట్టరికాలూ, దణ్ణాలూ, తిండి పేర్లూ, తిట్లూ మిగిలాయి. తిట్లు మాత్రం చెక్కుచెదరలేదు.

మేము వచ్చిన నాలుగో నెలలో మా అమ్మ విజయవాడలో పోయింది. ఫోను వచ్చేసరికే దహనం అయిపోయింది, విమానానికి సెలవూ లేదు, వెళ్ళినా చూసేదేమీ లేదు. పరాయి దేశంలో, పరిచయస్థులైనా లేని వీధిలో, నేలమీద చాప వేసుకుని కూర్చుని నేను ఏడుస్తూంటే మావారు ఏం చెయ్యాలో తోచక బ్రెడ్డు కాలుస్తున్నారు. అప్పుడు గేటు చప్పుడైంది. బక్కీ అంటారు ఇక్కడ, వెనక తొట్టి ఉన్న చిన్న బండి, దాంట్లోంచి పదిమంది ఆడవాళ్ళు దిగారు. వాళ్ళ వెనక నాలుగు పెద్ద గుండిగలూ, ఒక గ్యాసు పొయ్యీ, నా ఎత్తున్న తెడ్డూ దిగాయి. వాళ్ళని మేము పిలవలేదు. మా అమ్మ సంగతి వాళ్ళకెలా తెలిసిందో ఈనాటికీ తెలియదు, బహుశా ఆసుపత్రి నర్సు ఎవరో చెప్పి ఉంటుంది. ముందు నడిచే పొడుగాటావిడ నా దగ్గరికొచ్చి, తల మీద చెయ్యి వేసి, “ఏడువు, చెల్లి. ఏడువు. కూడు మేం సూస్తం,” అంది. నాలుగు నెలల్లో బయటివాళ్ళ నోట నేను విన్న మొదటి పూర్తి తెలుగు వాక్యం అది.

ఆవిడే పెద్దక్క. ఆ ఆడవాళ్ళందరికీ ఆవిడ పెద్దక్క, ఆ రోజు నుంచి నాకూ పెద్దక్కే. రెడ్‌హిల్‌లో వాళ్ళని పాట్ ఆంటీలు, అంటే గుండిగల ఆంటీలు అనేవారు. వాళ్ళ సంఘానికి పేరు గాని, బోర్డు గాని, అధ్యక్షురాలు గాని లేదు. ఎవరింట్లో చావు వినపడితే ఆ ఇంటికి పిలవకుండా వెళ్ళాలి. ఆ ఇంటివాళ్ళు పదకొండో రోజు దాకా పొయ్యి ముట్టకూడదు, వచ్చినవాళ్ళందరికీ అన్నం వీళ్ళే వండాలి. ఏం వండాలని ఇంటివాళ్ళని అడగకూడదు. ఎంత ఆకలేసినా ఆ ఇంట్లో వీళ్ళు తినకూడదు, తమ టీ తాము ఫ్లాస్కులో తెచ్చుకోవాలి. గుండిగలు ఆ ఇంటి పెరట్లోనే తోమి, బోర్లించి, అలా బోర్లించే బక్కీలో పెట్టుకోవాలి. వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పకూడదు, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి. వాళ్ళందరూ వారమంతా బట్టల ఫ్యాక్టరీల్లోనో, కొట్లలోనో, ఆసుపత్రి లాండ్రీల్లోనో నిలబడి పనిచేసి కాళ్ళు వాచినవాళ్ళే. పనిరోజుల్లో సాయంత్రం పని దిగాకా, శని ఆదివారాల్లో రోజంతా ఒళ్ళు వాల్చుకోకుండా వచ్చి ఊరివాళ్ళ చావులకి గరిటె తిప్పేవారు. ఎందుకు చేస్తారని ఒకసారి అడిగితే నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు చూశారు.

ఆ పదిమందితో పాటు వచ్చిన పదకొండో ఆవిడ గురించి ఇంకా చెప్పలేదు. ఆవిడ జూలూ మనిషి. అందరూ సిసి అని పిలిచేవారు, వాళ్ళ వైపు అక్కని అలా అంటారు. ఫ్యాక్టరీలో పెద్దక్క చొక్కాలకి కాలర్లు కుట్టేది, పక్క మిషను మీద సిసి చేతులు కుట్టేది. పద్దెనిమిదేళ్ళు అలా పక్కపక్కన కూర్చున్నారు. పెద్దక్క భర్త పోయిన రోజున ఫ్యాక్టరీవాళ్ళతో చూడటానికి వచ్చిన సిసి, అందరిలా కుర్చీలో కూర్చోకుండా పెరట్లోకి వెళ్ళి, కండువా నడుముకి బిగించి గుండిగలు తోమడం మొదలుపెట్టిందట. ఆ తర్వాత ఇక మానలేదు. శనివారం పొద్దున్నే క్వామాషు నుంచి మినీబస్సు టాక్సీ ఎక్కి వచ్చేది. క్వామాషు మాకు పది నిమిషాల దూరం, కానీ పాత చట్టాలు గీసిన గీతకి అది అటు, మేము ఇటు. నల్లవాళ్ళని అటు పెట్టారు, మనవాళ్ళని ఇటు పెట్టారు, మధ్యలో ఒక రోడ్డూ ఒక వాగూ ఉండేవి. చట్టం పోయింది గాని రోడ్డు దాటే అలవాటు మావైపు ఎవరికీ కాలేదు, సిసి ఒక్కతే దాటి వచ్చేది.

మా ఇంట్లో ఆ పదకొండు రోజుల్లో ఆవిడ చేసింది నేను మరిచిపోలేను, మరిచిపోగలిగితే ఇప్పుడింత బాధా ఉండేది కాదు. పప్పు గుండిగ ఒక చెవి పెద్దక్క పట్టుకుంటే రెండో చెవి సిసి పట్టుకునేది. ఇద్దరిదీ ఒకే ఎత్తు, మాట్లాడుకోకుండానే ఒకేసారి ఎత్తి ఒకేసారి దించేవారు. పని అయ్యాక సిసి తడిచేతులు తుడుచుకుని వచ్చి, నా పక్కన చాప మీద కూర్చుని, నా పాదాలు తన ఒళ్ళో పెట్టుకునేది. ఆవిడకి తెలుగు రాదు, నాకు జూలూ రాదు, ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషులో ఆ సమయానికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. అలా అరగంట కూర్చుని లేచి వెళ్ళిపోయేది. వెళ్ళేటప్పుడు మామూలుగా ఎక్కడైనా ‘సాలా కహ్లే’, అంటే క్షేమంగా ఉండు అని చెప్పే మనిషి, మా గుమ్మంలో మాత్రం నోరు మెదపకుండా వెళ్ళేది. చావింట వెళ్ళొస్తానని చెప్పకూడదన్న మన ఆచారం ఆవిడ అంత బాగా నేర్చుకుంది.

నా మైల తీరిన మరుసటి శనివారం నేనూ బక్కీ ఎక్కాను. ఉల్లిపాయలు తరిగే పని ఇచ్చారు. లెక్కల టీచరుని కదా, వందమందికి ఎన్ని కిలోల బియ్యమో క్షణంలో చెప్పేదాన్ని, నేను చెప్పిన దానికంటే ఒక డబ్బా ఎక్కువే పోసేది పెద్దక్క. ఆ రెండేళ్ళూ ఎన్నిళ్ళకి వెళ్ళామో! గ్రే స్ట్రీట్‌లో కొట్టు మీద కాపురముండే బట్టల వ్యాపారి ఇంటికి గుండిగలు మూడంతస్తులు మోశాం. లేడీస్మిత్‌లో పెద్దక్క మేనత్త పోతే బక్కీలో మూడు గంటలు చలికి వణుకుతూ పోయాం. అక్కడ రైల్వే క్వార్టర్స్ ముందు వీధి వీధంతా వచ్చి మా పప్పు తింటూంటే, ఈ దేశంలో నాకు ఒక చోటు దొరికిందని మొదటిసారి అనిపించింది. ఆ ఆడవాళ్ళ మధ్య నిలబడి చెమటలు కక్కిన ఆ శనివారాలంత సంతోషంగా నేను మళ్ళీ ఎన్నడూ లేను.

సంతోషంతో పాటు నాకు పొగరూ వచ్చింది. దానికి కారణం వాళ్ళే అని చెప్పి తప్పుకోను గాని, వాళ్ళు నన్ను చూసే చూపు అలాంటిది. నేను ఇండియా నుంచి వచ్చినదాన్ని. చీర కట్టుకుంటాను, తెలుగు గడగడా మాట్లాడతాను, చదువుతాను, రాస్తాను. దీపం ఎటు తిప్పాలి, పిండం ఏ ఆకులో పెట్టాలి, పదకొండో రోజు ముందా పన్నెండో రోజు ముందా, అన్నీ నన్నే అడిగేవారు. నిజం చెప్పాలంటే నాకు ఏమీ తెలియదు. మా నాన్న గుమాస్తా, టౌన్లో రెండు గదుల వాటాలో పెరిగాను. ఇలాంటివన్నీ మా నాయనమ్మ చూసుకునేది, నేను పక్కగదిలో త్రికోణమితి చేసుకునేదాన్ని. అసలు చావింట తాలింపు వేయకూడదన్న సంగతి నాకు గట్టిగా తెలిసిందే పెద్దక్క దగ్గర. అయినా అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పేదాన్ని. తెలియదు అని చెప్పడం టీచరు నాలుకకి అలవాటు లేదు.

రెండో ఏడు, ఇక్కడివాళ్ళు శనివారాలు వెంకటేశ్వరస్వామికి నైవేద్యాలు పెట్టే పెరటాసి మాసం ఇంకొక వారంలో పెడుతుందనగా, సిసి కూతురు పోయింది. ఒక్కతే కూతురు, నర్సు చదువు చదువుతోంది. వానలో టాక్సీ బోల్తాపడింది. ఆ పిల్ల ఒకసారి తల్లితో వచ్చి, పసుపూ తాలింపూ లేని మా పప్పు తిని, ఇది జబ్బు చేసినవాళ్ళకి పెట్టేలా ఉందని నవ్వింది. ఆ నవ్వు నాకింకా కళ్ళముందే ఉంది. బుధవారం నాడు సిసి పెద్దక్కకి ఫోను చేసింది. శనివారం సమాధి చేస్తారు, వందలమంది వస్తారు, మీరూ గుండిగలు తీసుకుని వస్తారా అని అడిగింది. అన్నేళ్ళలో ఆవిడ మమ్మల్ని అడిగింది అదొక్కటే. ఆ ఒక్కటీ అడగాల్సిన అవసరం రాకూడదు నిజానికి, వినగానే వెళ్ళాలన్నది మా మొదటి నియమం.

గురువారం సాయంత్రం పెద్దక్క వంటింట్లో అందరం కూర్చున్నాం. రోడ్డు దాటి అటు వెళ్ళాలంటే భయమని ఒకావిడ అంది. ఆ ఏళ్ళలో అటువైపు గొడవలు నిజంగానే జరిగేవి. మా ఆయన బక్కీ ఇవ్వడని ఇంకొకావిడ అంది. అక్కడ ఆవుని కోసి వండుతారు కదా, మన గుండిగలు అందులో కలిస్తే ఎలాగని మూడో ఆవిడ మెల్లిగా అంది. వచ్చే వారం నుంచి పెరటాసి శనివారాలు, ఈ గుండిగల్లోనే దేవుడికి నైవేద్యం వండాలి అని మరొకావిడ అందుకుంది. వెళ్ళకూడదని మాత్రం ఎవరూ నోరు విప్పి అనలేదు. ఎవరో అనాలని అందరూ కాచుకుని ఉన్నారు. పెద్దక్క అందరి మాటా విని, చివరికి నా వైపు తిరిగింది.

“చెల్లి, యు ఫ్రమ్ ఇండియా. యు నో ద రైట్ థింగ్,” అంది. “గుండిగలు పోవచ్చా, పోకూడదా? యు సే, వి డూ.”

ఆ క్షణంలో నా మనసులో ఏముందో ఇన్నేళ్ళుగా తవ్వుకుంటూనే ఉన్నాను. నాకూ ఆ రోడ్డంటే భయం. స్కూలు దాటి అటు వెళ్ళొద్దని ఈ ఊరొచ్చిన రోజే మావారు నాకు చెప్పారు. భయమేస్తోందని చెప్పడానికి సిగ్గేసింది. పదిమంది నా నోటికేసి చూస్తున్నారన్న గర్వమూ ఉంది. నాయనమ్మ ఎప్పుడో మడి గురించి ఏదో గొణిగిన గుర్తూ ఉంది. ఇవన్నీ కలిపి క్లాసులో సిద్ధాంతం నిరూపించే గొంతుతో చెప్పాను. పితృకార్యానికీ దైవకార్యానికీ వాడే పాత్రలు గోమాంసం వండే చోటికి వెళ్ళకూడదు, వెళితే మైలపడతాయి, మైలపడిన పాత్రలు మళ్ళీ ఇలాంటి కార్యాలకి పనికిరావు, వదిలేసుకోవలసిందే. ఎంత గ్రాంథికమైన తెలుగులో చెప్పానంటే, సగంమందికి అర్థం కాలేదు, అర్థం కాకపోవడం వల్లే అది శాస్త్రమని గట్టిగా నమ్మారు. ఆదివారాలు ఇంట్లో మటన్ కూర వండుకునేవాళ్ళే అందరూ. పైగా ఆ గుండిగలు ఏళ్ళ తరబడి తోమినది సిసి చేతులే. నా ముందున్న ఈ రెండు ముక్కలూ కలిపి కూడడం లెక్కల టీచరుకి చేతకాలేదు.

గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. “అయ్యో, పావం,” అంది ఒకావిడ, ఎవరు పాపమో చెప్పలేదు. పెద్దక్క నా ముఖంలోకి చాలాసేపు చూసి, సరేనని తలూపి, గోడకున్న ఫోను దగ్గరికి వెళ్ళింది. నేను కప్పులు తుడుస్తూ వింటున్నాను. మనవాళ్ళ పద్ధతి ఒప్పుకోదని, గుండిగలు రావని, క్షమించమని పెద్దక్క చెప్పింది. అవతల నుంచి ఒక్క మాటే వచ్చి ఉండాలి, ఎందుకంటే వెంటనే పెద్దక్క ఫోను పెట్టేసింది. ఏమందని అడిగితే, “ఓకే, మా, అంది,” అని చెప్పి, టీ చల్లారిపోతోంది తాగండి అంది.

శనివారం నేను ఇంట్లో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకున్నాను. పెద్దక్క మాత్రం పొద్దున్నే తన వంటింట్లోని చిన్న గిన్నె సంచిలో పెట్టుకుని, కిలో కందిపప్పు తీసుకుని, ఒక్కతే టాక్సీ ఎక్కి క్వామాషు వెళ్ళింది. ఈ సంగతి నాకు ఆవిడే నెల తర్వాత చెప్పింది. అక్కడ ఇంటి ముందు డేరా వేశారట. తెల్ల టోపీలూ ఎర్ర జాకెట్లూ వేసుకున్న చర్చి ఆడవాళ్ళు మూడుకాళ్ళ ఇనప గుండిగలు తెచ్చి, కట్టెల పొయ్యిల మీద మొక్కజొన్న నూక వండుతున్నారట. వాళ్ళనీ ఎవరూ పిలవలేదు, వాళ్ళకీ జీతం లేదు, వాళ్ళూ వారమంతా ఇంకొకరి ఇళ్ళలో పనిచేసి వచ్చినవాళ్ళేనట. పెద్దక్కని చూసి జరిగి, ఒక పొయ్యి ఇచ్చారు. మన పాట్ ఆంటీలలాగే ఉన్నారు చెల్లి, పాట మాత్రం వాళ్ళు బాగా పాడతారు అంది. తాలింపు లేకుండా పప్పు వండింది. సిసి ఆ పప్పు ఒక్క ముద్ద తిని, గిన్నె చేత్తో పట్టుకుని కూర్చుందట.

సమాధి అయిన మర్నాడే, ఆదివారం, మా వీధిలోనే ఒక ముసలాయన పదకొండో రోజు. కూతురు పోకముందు ఎప్పుడో వస్తానని మాట ఇచ్చిందని సిసి వచ్చింది. నల్లబట్టలు కట్టుకుని ఉంది. ఎప్పటిలాగే రెండో చెవి పట్టుకుంది, ఎప్పటిలాగే పెరట్లో కూర్చుని నాలుగు గుండిగలూ తోమింది. మేమెవరమూ ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాం. నేను దగ్గరికి వెళ్ళి, అమ్మాయి సంగతి విన్నానని, చాలా బాధగా ఉందని అన్నాను. “థాంక్యూ, టీచర్,” అంది. అంతకుముందు ఆవిడ నన్ను ఎప్పుడూ టీచర్ అనలేదు, అందరితో పాటు చెల్లి అనే అనేది. గుండిగలు బోర్లించి, ఏప్రాన్ మడిచి అతి పెద్ద గుండిగ మీద పెట్టింది. తర్వాత మా అందరి మధ్య నుంచి నడిచి, మాలో ఒక్కరికీ ‘సాలా కహ్లే’ అనకుండా, వెనక్కి చూడకుండా గేటు దాటింది. ఆ ఇంటివాళ్ళతో వెళ్ళొస్తానని చెప్పకూడదు, నిజమే. మాతో మాత్రం బక్కీ దగ్గర ఎప్పుడూ చెప్పేది. ఆ రోజు మేము కూడా ఆవిడకి చావిల్లే అయ్యాం.

మళ్ళీ రాలేదు.

నెల తర్వాత నేను ఉండబట్టలేక పెద్దక్క దగ్గరికి వెళ్ళి, ఆ రోజు నేను చెప్పింది నాకే సరిగా తెలియదని ఒప్పుకున్నాను. కొడుతుందేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆవిడ స్టవ్వు కట్టేసి వచ్చి నా ఎదురుగా కూర్చుని, వాళ్ళ అవ్వ కథ చెప్పింది. చెరుకు తోటలో కూలీల బారకాసులో, వరస గదుల్లో ఒకదాంట్లో, అవ్వ భర్త పాము కరిచి పోయాడట. ఓడ దిగి ఆరు నెలలు, అయినవాళ్ళు లేరు, తోట దొర ఆ పూట కూడా సెలవివ్వలేదు, చుట్టుపక్కల గదులవాళ్ళంతా పనిలోకి పోయారు. ఒడిలో బిడ్డతో అవ్వ శవం దగ్గర ఒక్కతే కూర్చుంటే, తోట అవతలి గుడిసెల నుంచి ఒక జూలూ ముసలమ్మ తల మీద కుండ పెట్టుకుని వచ్చి, మొక్కజొన్న గంజి అవ్వ చేత తాగించి, సాయంత్రం దాకా పక్కన కూర్చుని వెళ్ళిందట. ఎవరింట్లో చావైనా పిలవకుండా కుండతో వెళ్ళాలని అవ్వ ఆ రోజు ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టే కూతురికీ, మనవరాలికీ వచ్చి పాట్ ఆంటీలయింది. మా సంఘానికి మొట్టమొదటి కుండ అటువైపు నుంచి వచ్చింది.

మరి ఆ రోజు ఈ మాట ఎందుకు చెప్పలేదు పెద్దక్కా అని ఏడుస్తూ అడిగాను.

“మా అవ్వ సదువు లేంది. నువ్వు ఇండియా మనిషివి, నీకే ఎరుక అనుకున్నా,” అంది. “అవ్వ మాట ఇడిసిపెట్టి నీ మాట ఇన్నా, చెల్లి.”

క్వామాషు తీసుకెళ్ళమని, సిసి కాళ్ళు పట్టుకుంటానని నేను అంటే, ఇప్పుడు కాదు, ఆవిడ నల్లబట్టలు కట్టే ఏడాది తీరనీ అంది. ఏడాది తీరేలోగా ఫ్యాక్టరీ మూతపడింది. చవక చొక్కాలు పై దేశాల నుంచి ఓడల్లో దిగుతున్నాయని పెద్దక్కనీ సిసినీ అందరినీ ఒకే రోజు ఇంటికి పంపేశారు. సిసి ఏదో ఊరు వెళ్ళిందని ఒకరు, తిరిగొచ్చిందని ఇంకొకరు అన్నారు. నేను వెళ్ళి వెతికి ఉండవలసింది. పది నిమిషాల దూరం. స్కూలనీ, పరీక్షలనీ, రోడ్డు బాగాలేదనీ రోజులు దాటించాను, అలా ఏళ్ళు దాటిపోయాయి.

పాట్ ఆంటీలు కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. తగవు పడి విడిపోయిన సంఘాలని చూశాను, వాటికి మళ్ళీ కలిసే దారి ఉంటుంది. మేము తగవు పడలేదు. ఒకరికొకరం ముఖం చూపించుకోవడానికి సిగ్గుపడ్డాం. ఒకావిడకి నడుం నొప్పి వచ్చింది, ఇంకొకావిడ కొడుకు సముద్రం వైపు గోడలూ కాపలాలూ ఉన్న పెద్ద ఇల్లు కొంటే అటు వెళ్ళింది, ఇంకొకావిడ కళ్ళు పోయాయి. రెండో చెవి పట్టుకునేవాళ్ళు రోజుకొకరు మారి, ఒకసారి గంజి ఒలికి ఒకరి కాలు కాలింది. చావు ఖర్చులకి ఇన్సూరెన్సు పాలసీలు వచ్చాయి, పాలసీతో పాటు డేరా, కుర్చీలు, భోజనాలు అన్నీ అవే వస్తాయి. అయిదేళ్ళ కిందట మావారు పోయినప్పుడు మా ఇంటికీ డబ్బాలే వచ్చాయి. పదకొండు రోజులూ వేళకి వచ్చాయి, ఒక్క పూట కూడా ఆలస్యం కాలేదు. నా పాదాలు ఒళ్ళో పెట్టుకోవడానికి మాత్రం ఆ వ్యానులోంచి ఎవరూ దిగలేదు.

సంఘం ఆగిపోయిన ఏడు పెద్దక్క ఆ నాలుగు గుండిగల్నీ తెడ్డునీ బక్కీలో వేయించి మా ఇంటికి పంపింది. నువ్వే దాచు అని కబురు చేసింది. కోపంతో పంపిందో, నమ్మకంతో పంపిందో అడిగే ధైర్యం నాకు రాలేదు, ఇక అడగడానికి ఆవిడ లేదు.

ఆదివారం ఆ డబ్బా ముట్టకుండా పెట్టేసి, సిసికి కబురు చెయ్యాలని లేచాను. పద్దెనిమిదేళ్ళు పక్క మిషను మీద కూర్చున్న మనిషి పోయిందని ఆవిడకి తెలియాలి కదా. ఎవరినడిగినా నంబరు లేదన్నారు. పెద్దక్క పాత పుస్తకంలో ఉన్న నంబరు ఎప్పుడో పోయింది. పోనీ ఇంటికే వెళదామని కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది, ఆ ఇల్లు ఎక్కడో నాకు తెలియదు. ఏ వీధో, ఏ రంగు తలుపో తెలియదు. నేను ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ దారి తెలిసిన ఒక్క మనిషినీ ఆ పొద్దునే తీసుకుపోయారు.

ఇంటికొచ్చి గ్యారేజీ తలుపు తీశాను. పెద్దక్క కోసమైనా తాలింపు లేని పప్పు ఒక్క గిన్నెడు వండాలని, ఆ గుండిగలోనే వండాలని నాకు పిచ్చి పట్టింది. పప్పు గుండిగ చెవి పట్టుకుని లాగాను. ఒకవైపు లేచి మళ్ళీ నేలకి కూలబడింది. ఒక్కరు ఎత్తడానికి చేసినది కాదు అది. కాసేపు దాని పక్కనే సిమెంటు నేల మీద కూర్చున్నాను. ఈ ఊళ్ళో ఇప్పుడు రోడ్డుకి ఈ గట్టూ ఆ గట్టూ అని లేదు, పిల్లలు అటూ ఇటూ కలిసే చదువుకుంటున్నారు, ఎవరింట్లో చావైనా ఫోను చేస్తే గంటలో అన్నం గుమ్మంలోకి వస్తుంది. పిలవకుండా వచ్చేవాళ్ళు మాత్రం లేరు. ఏటా పెరటాసికి ముందు నేను ఆ నాలుగింటినీ చింతపండుతో తోమి బోర్లిస్తాను. పాతికేళ్ళు దాటింది, నేను చెప్పినట్టే ఉన్నాయి. ఏ మైలా అంటలేదు, ఏ మెతుకూ అంటలేదు, తళతళలాడుతూ ఖాళీగా ఉన్నాయి.